పశువైద్యం అల్మరాలో అంతర్జాతీయ వాణిజ్యం

ఈ సంగతి ఎందుకు రాయాల్సి వచ్చిందో ముందే చెప్పేస్తాను. మా బ్యాచ్ వాళ్లం ఏ పెళ్లిలోనో, ఏ రిటైర్మెంటు విందులోనో నలుగురం కలిస్తే, భోజనాలయ్యాక ఎవరో ఒకరు తప్పకుండా ఆ పుస్తకం కథ ఎత్తుతారు. ఊరు మొత్తానికి ఒక్కటే కాపీ ఉన్న పాఠ్యపుస్తకాన్ని, పరీక్షలు మూడు వారాలున్నాయనగా, చదువురాని అటెండరొకడు పశువైద్యం పుస్తకాల్లో కలిపేసి సబ్బవరం పంపించేశాడని ఆ కథ. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఇన్నేళ్లలో ఆ నవ్వు నాకు ఎంత బాగా అలవాటైందంటే, ఎక్కడ నవ్వాలో కొత్తవాళ్లు నన్ను చూసి తెలుసుకుంటారు.

ఆ అటెండరుకి చదువు వచ్చు. పుస్తకాన్ని అక్కడ పెట్టింది అతను కాదు. అతనికి ఇచ్చిన మెమో న్యాయంగా నాకు రావాల్సింది. మా బ్యాచ్‌లో ఇది నాకూ, ఇంకొకరికీ మాత్రమే తెలుసు. ఆ ఇంకొకరు ఈమధ్య ఫోన్ చేసి, "నువ్వు రాత్తావా బావా, నన్ను రాయమంతావా?" అన్నాడు. అతని దస్తూరీ మీద నాకు నమ్మకం లేదు. అందుకని నేనే రాస్తున్నాను. పేర్లు మాత్రం ఎవరివీ రాయను. నాది అసలే రాయను.

ఎనభైల మొదట్లో నేను పోర్టులో ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో బోర్డింగ్ క్లర్కుని. ఓడ వచ్చినప్పుడు నిచ్చెన ఎక్కి, కెప్టెన్ ముందు కాగితాలు పెట్టి, సంతకాలు చేయించుకుని, మళ్లీ అదే నిచ్చెన దిగి రావడం నా ఉద్యోగం. అలా నేను చాలా దేశాలు ఎక్కి దిగాను. ఏ దేశంలోనూ పావుగంటకి మించి ఉండలేదు.

నన్ను చదివించింది కాలేజీ కాదు. ఇంటరు తప్పి, ఇంట్లోవాళ్లు నా మీద ఆశ వదులుకున్నాక, నేను ఊళ్లో పెద్ద గ్రంథాలయం పట్టుకున్నాను. ఎవరూ దారి చూపకుండానే, మొదటి అల్మరా మొదటి వరసతో మొదలుపెట్టి చదువుకుంటూ పోయాను. ఇంటరూ, ఆ తర్వాత బి.ఏ.నీ ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. పోర్టు క్యాంటీన్లో నేను దక్షిణ అమెరికా పక్షిరెట్టల ఎరువు వ్యాపారం గురించి మొదలుపెడితే, నా బల్ల దగ్గర మరో మనిషి కనబడేవాడు కాదు. జ్ఞానం ఎదుట సామాన్యులు నిలవలేరని నాకు చిన్న వయసులోనే అర్థమైంది.

ఆ గ్రంథాలయంలో ఏ పుస్తకం ఎక్కడుందో లైబ్రేరియన్ గారి కన్నా నాకే బాగా తెలుసునని నా నమ్మకం. ఆయన కార్డుల సొరుగులు చూసి చెప్పేవారు. నేను చూడకుండా చెప్పేవాణ్ణి. అందుకే నేను ఆయన్ని ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఈ ఒక్క వాక్యం గుర్తు పెట్టుకుంటే మిగతా కథలో సగం అర్థమైనట్టే.

ఉక్కు కర్మాగారం లేస్తోంది, బోలెడు ఉద్యోగాలు పడతాయని ఊరంతా దరఖాస్తులు పట్టుకు తిరుగుతున్న రోజులవి. మా కంచరపాలెంలో ఇంటికొకడు టైపు నేర్చుకుంటున్నాడు. అందరూ చేసే పని నాకెందుకని నేను అంతర్జాతీయ వాణిజ్యం, వ్యాపారంలో మాస్టర్స్ డిగ్రీకి సాయంకాలపు తరగతుల్లో చేరాను. చేరిన మర్నాడే ఆ సంగతి రేవంతా చెప్పాను. అదే తప్పు. ఓడల సరుకు దించే కలాసీల మేస్త్రి ఆ రోజు నుంచి నన్ను పేరు పెట్టి పిలవలేదు.

"ఓ ఇంటర్నేషనలూ! ఏటి, ఇంకా నిచ్చెన్లే ఎక్కుతన్నావు? పట్టా ఎప్పుడిత్తారు?"

"రెండేళ్లు పడుతుంది మేస్త్రీ."

"రెండేళ్లా! మా గుంటడు ఆటోనగర్లో ఆర్నెల్లకి లారీ ఇంజనిప్పీడం నేర్సీసినాడు."

మా తరగతికి వాణిజ్య సిద్ధాంతం చెప్పే లెక్చరరు గారు గొప్ప పండితులు. ఓడల గురించి ఆయనకు తెలియంది లేదు, ఓడ తప్ప. పసుపుపచ్చగా మారిన నోట్సు తెచ్చి చదివేవారు, మేం రాసుకునేవాళ్లం. చెమ్మకి అంటుకుపోయి రెండు పేజీలు ఒకేసారి తిరిగితే, ఎగుమతి సుంకం సగంలో ఆగిపోయి విదేశీ మారకం మధ్యలోంచి మొదలయ్యేది. ఆయనకీ తేడా తెలిసేది కాదు, మాకూ తెలిసేది కాదు. ఒకసారి ఓడ చూపిస్తాను రండి సార్ అన్నాను. "నాకు పడవ పడదోయ్, వాంతులవుతాయి" అన్నారు. ఓడ జెట్టీకి కట్టేసి ఉంటుంది, కదలదు అని చెప్పాను. "అయినా సరే, తల్చుకుంటేనే తిరుగుతుంది" అన్నారు. ఆయన దగ్గర మేం సముద్ర వాణిజ్యం నేర్చుకున్నాం.

మిగతా పేపర్లన్నీ పాసయ్యాను. ఆయన సిద్ధాంతం పేపరు రెండుసార్లు తప్పాను. మూడోసారి కూడా తప్పితే పాత సిలబస్సు వాళ్లకి ఇక అవకాశం లేదు, మొదటి నుంచి కట్టుకోవాలి అని నోటీసు బోర్డులో పెట్టారు. అంటే ఆ ఒక్క పేపరు పోతే రెండేళ్ల తరగతులూ, తర్వాతి రెండు ప్రయత్నాలూ కలిపి నీళ్లలో పోసినట్టే. రేవులో మాత్రం ఇంటర్నేషనల్ అన్న పేరు నన్ను అంటుకుని ఉండిపోతుంది.

రెండోసారి తప్పాక లెక్చరరు గారు అసలు రహస్యం చెప్పారు. ప్రశ్నలు ఆయన నోట్సులోంచి రావట. ఒక ఇంగ్లీషు పుస్తకంలోంచి వస్తాయట. ఆ పుస్తకం అచ్చులో లేదు. మద్రాసు షాపులకి రాస్తే స్టాకు లేదని కార్డులొచ్చాయి. మా గ్రంథాలయంలో ఒకే ఒక్క కాపీ ఉంది, అది ఇంటికివ్వరు, అక్కడే కూర్చుని చదువుకోవాలి.

ఇక్కడ ఆ రోజుల ఆచారం ఒకటి చెప్పాలి. ఒక్క కాపీయే ఉన్న పుస్తకాన్ని చదవడం అయిపోయాక దాని చోట పెట్టడం అమాయకుల పని. తెలివైనవాళ్లు ఇంకో అల్మరాలో పెట్టేవారు, రేపు పొద్దున్న మళ్లీ తమకే దొరకాలని. లా చదివేవాళ్లు తమవి వంటల పుస్తకాల వెనక దాచేవారు. బ్యాంకు పరీక్షలవాళ్లవి భక్తి అల్మరాలో ఉండేవి, అక్కడైతే ఎవరూ చెయ్యి పెట్టి వెతకరని. రోజూ తలుపులు వేసే ముందు అటెండరు ఆ అల్మరాలన్నీ తిరిగి, వంటల్లోంచి లా తీసి, భక్తిలోంచి బ్యాంకు తీసి, ఎవర్నీ ఏమీ అనకుండా ఎక్కడివక్కడ సర్దేవాడు. ఖాకీ చొక్కా, చెవి మీద పెన్సిలు, నడిస్తే చప్పుడు కాని మనిషి.

అలాంటి మనిషికి కూడా దొరక్కుండా దాచాలంటే పరిశోధన కావాలి. చేశాను. మూలన, చెక్క నిచ్చెన ఆనించి ఉండే చోట పశువైద్యం అల్మరా ఉంది. పోర్టు వైపు నుంచి వచ్చే ఎర్ర ఖనిజం దుమ్ము ఆ పుస్తకాల మీద తివాచీలా పరుచుకుని ఉండేది. వెనక అట్టలకి అంటించిన తేదీ చీటీలు ఒక్కొక్కటీ తిప్పి చూశాను. చాలావాటి మీద ఒక్క ముద్ర కూడా లేదు. ఇక్కడికి ఎవరూ రారు అని శాస్త్రీయంగా తేల్చుకున్నాను. గొర్రెల గాలికుంటు వ్యాధికీ, పాడిపశువుల మేతకీ మధ్య అంతర్జాతీయ వాణిజ్యాన్ని దూర్చాను.

రోజూ సాయంత్రం డ్యూటీ దిగి వెళ్లడం, పుస్తకం తీసి చదవడం, మళ్లీ గొర్రెల పక్కన పెట్టి రావడం. స్వేచ్ఛా వాణిజ్యం వల్ల, ఎవరి దగ్గరున్న సరుకు వాళ్లు దాచుకోకుండా ఇచ్చి పుచ్చుకోవడం వల్ల లోకానికి కలిగే మేలు గురించి అందులో మూడో అధ్యాయం. అది చదివి నాకు నిజంగా కళ్లు చెమర్చాయి. కళ్లు తుడుచుకుని, పుస్తకం ఇంకెవరికీ కనబడకుండా లోపలికంటా తోసి ఇంటికి వెళ్లాను.

ఇంకెవరికీ అంటే నిజానికి ఒక్కడికే. మా బ్యాచ్‌లో ఆ పేపరు రెండుసార్లు తప్పినవాళ్లం ఇద్దరమే. రెండోవాడు పాత ఊరి సాయిబు గారి అబ్బాయి. వాళ్లది కరక్కాయల వ్యాపారం. తోళ్లు పదును చెయ్యడానికి పనికొస్తాయని విదేశాలవాళ్లు కొంటారు. వాళ్ల నాన్నగారు బడికి వెళ్లకుండానే ముప్పై ఏళ్లుగా ఓడలకి సరుకెత్తుతున్నారు. కొడుకు చదువు ఆయనకొక వింత. ఈసారీ తప్పితే చదువు కట్టిపెట్టి గోడౌన్లో కూర్చోవాలని చెప్పేశారు. వాడు మనిషి మంచివాడు, నన్ను బావా అని పిలిచేవాడు, కాలేజీకి తన సైకిలు మీద ఎక్కించుకుని తీసుకువెళ్లేవాడు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే దాచాను.

ఒకరోజు రీడింగ్ రూంలో నా పక్కన చేరాడు.

"బావా, ఆ పుత్తకం నీకేటైనా కనబడతందేటి? నాను నాల్రోజులై ఎతుకుతన్నాను."

"లేదు భాయ్. ఎవడో దాచేసి ఉంటాడు."

"ఎవడంతావు?"

"ఎవడైతేనేం? మనుషులు ఎంత స్వార్థపరులైపోయారో చూడు" అన్నాను. నా గొంతులో ఆవేదన విని వాడు నన్నే ఓదార్చాడు.

"పోన్లే, నువ్వు బెంగెట్టుకోకు. దొరికితే ఇద్దరం సదుద్దుం" అన్నాడు.

పరీక్షలు మూడు వారాలున్నాయనగా ఒక సాయంత్రం వెళ్లేసరికి పశువైద్యం అల్మరా ఖాళీగా ఉంది. పుస్తకాలు ఉండాల్సిన చోట వాటి ఆకారంలో ఎర్ర దుమ్ము గీతలు మిగిలాయి. నిచ్చెన మాత్రం అక్కడే ఆనించి ఉంది. నేను దాన్ని పట్టుకునే నిలబడ్డాను.

వేరేవాళ్లైతే వెంటనే కౌంటరు దగ్గరికెళ్లి ఏమైందని అడుగుతారు. నాకు ఆ గ్రంథాలయం గురించి ఇంకొకర్ని అడగాల్సిన అవసరం లేదు కదా. వారం రోజులు అల్మరా అల్మరా గాలించాను. వంటలు, భక్తి, వ్యవసాయం, జ్యోతిషం, పిల్లల కథలు అన్నీ చూశాను. వ్యవసాయంలో ఎవరో దాచుకున్న ఇంకో మూడు పుస్తకాలు దొరికాయి, వాటిని అక్కడే ఉంచి గౌరవించాను. ఆ వారంలో నా మిత్రుడు ఒక్కరోజు కూడా గ్రంథాలయంలో కనబడలేదు. ఆశ వదులుకుని గోడౌన్లో కూర్చున్నాడు కాబోలు అనుకున్నాను. జాలిపడ్డాను. పోటీకి ఒకడు తగ్గాడని ఆ జాలిలోనే కొంచెం ఊరట కూడా కలిసింది.

ఎనిమిదో రోజు ఇక లాభం లేక అటెండరు దగ్గరికి వెళ్లాను. కానీ ఏమని అడగాలి? వాణిజ్యం పుస్తకం పశువైద్యంలో ఉందని నాకెలా తెలుసు?

"ఆ మూల పశువుల పుస్తకాలుండేవి కదా, ఏమయ్యాయి?" అన్నాను, ఏదో మాటవరసకి అన్నట్టు.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "మీకు పశువులున్నాయేటి బాబూ?"

"ఒక గేదె" అన్నాను.

"కంచరపాల్యంలోనా?"

"పెరట్లో."

"ఒంట్లో బాగులేదేటి దానికి?"

"మేత తినట్లేదు."

అతని మొహం మారిపోయింది. మనిషి మనసు మంచిది. "అయ్యో. ఆ అల్మరా మొత్తం సబ్బవరం శాఖకి పంపించీసినాం బాబూ. ఇక్కడెవుళూ తియ్యట్లేదు, ఆ ఊళ్లో రైతులున్నారు కదా, ఆలికైనా అక్కరకొత్తాయని. ఆ చీటీలన్నీ సూసి మరీ తీసినారు." ఇంత చెప్పి, గేదెకి వాముతో ఏదో కషాయం కాచి పట్టమని దినుసుల కొలతలతో సహా వివరించాడు. నేను నోట్సు రాసుకున్నాను. ఏం చెయ్యను మరి.

ఎవరూ రారన్న గుర్తుతో నేను ఏ అల్మరాని ఎంచుకున్నానో, అదే గుర్తుతో వాళ్లూ దాన్నే ఎంచుకున్నారు. పద్ధతి శాస్త్రీయమైనప్పుడు ఎవరు చేసినా ఒకే ఫలితం వస్తుందని పుస్తకాల్లో చదివాను. అనుభవంలోకి రావడం అదే మొదలు.

మర్నాడు సెలవు పెట్టి, పెందుర్తి మీదుగా బస్సులో సబ్బవరం వెళ్లాను. శాఖా గ్రంథాలయం అంటే ఒక గది, ఒక బెంచీ, రెండు దినపత్రికలు. గొర్రెల వ్యాధులు కనబడ్డాయి, పాడిపశువుల మేత కనబడింది, ఆ రెంటికీ మధ్య ఖాళీ ఉంది. పుస్తకం ఇచ్చే ఆయన రిజిస్టరు చూసి, "పశువులాసుపత్రి కాంపౌండరు తీసుకెళ్లినారండి" అన్నాడు. అది ఇంటికివ్వకూడని పుస్తకం కదా అన్నాను. "ఇక్కడికొచ్చిన పుస్తకం ఇంటికిచ్చీడవేనండి. లేపోతే ఎక్కడ కూకుని సదూతారు?" అని ఆ ఒక్క బెంచీ చూపించాడు.

కాంపౌండరు గారి ఇల్లు ఆసుపత్రి వెనకే. పెంకుటిల్లు, ముందు సిమెంటు అరుగు. ఆ అరుగు మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్లో నోట్‌బుక్కు పెట్టుకుని చకచకా రాసుకుంటున్న మనిషిని చూసి నా కాళ్లు ఆగిపోయాయి. నా మిత్రుడు.

"ఒచ్చీసావా బావా!" అన్నాడు, నాకోసమే చూస్తున్నవాడిలాగ. "మీ ఇంటికి రెండుమాట్లొచ్చినాను సెప్దామని. మీయమ్మగారు లైబ్రరీకెల్లినాడన్నారు. మరి లైబ్రరీలో ఏటి సేత్తన్నావు, పుత్తకం ఇక్కడుంటే?"

వాడు చేసిన పని చాలా చిన్నది. నేరుగా లైబ్రేరియన్ గారి దగ్గరికెళ్లి, ఫలానా పుస్తకం కనబడట్లేదండీ అని అడిగాడు. ఆయన పంపిన పుస్తకాల జాబితా తీసి చూస్తే, పశువైద్యం మధ్యలో ఇది కూడా ఉంది. ఆయన నెత్తి కొట్టుకుని, మూటలు కట్టిన అటెండరుకి అజాగ్రత్త కింద మెమో ఇచ్చి, పుస్తకం వెనక్కి పంపమని సబ్బవరానికి ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం ఏ బల్ల మీద ఆగిందో గాని అప్పటికింకా చేరలేదు. వీడు ఉత్తరం కోసం ఆగకుండా బస్సెక్కి వచ్చేశాడు. అయిదు రోజులుగా పొద్దున్నే వచ్చి, ఈ అరుగు మీద కూర్చుని, సాయంత్రం బస్సుకి వెళుతున్నాడు.

ఇంతలో కాంపౌండరు గారు ఆసుపత్రి నుంచి వచ్చారు. సన్నగా, పొడుగ్గా, బనీను మీద తువ్వాలు. నేనూ ఆ పుస్తకం కోసమే వచ్చానని తెలిసి తెగ సంబరపడిపోయారు.

"కూకోండి బాబూ, కూకోండి. ఇది మొత్తం సదివినోళ్లా మీరు? అయితే నాకో డవుటు తీర్చాల. కొత్తగొచ్చిన పుస్తకాలన్నీ ఎడం పక్కనించి వరసగా సదువుకొత్తన్నానండి. గొర్రెలయిపోనాయి. ఇది రెండోది. రెండొందల పేజీలు సదివీసినాను, ఇంకా ఒక్క పశువూ రాలేదు. ఎక్కడొత్తాదండి పశువు?"

వరసగా, ఎడం పక్క నుంచి, ఎవరూ దారి చూపకుండా. నాకు ఎక్కడో తగిలింది. "రాదండి" అన్నాను.

"అస్సలు రాదా?"

"చివర్లో తోళ్లు వస్తాయి."

"అంటే సచ్చిపోనాక ఒత్తాదన్నమాట" అని ఆయన నిట్టూర్చారు. "మరి పశువుల్లో ఎందుకెట్టినారో ఎదవలు!"

"అదే నానూ ఆలోసిత్తన్నాను" అన్నాడు నా మిత్రుడు, నా వైపు చూడకుండా. ఆ తర్వాత పుస్తకం అందుకుని, మూడో అధ్యాయం దగ్గర తెరిచి, పేజీల మధ్య గుర్తుగా ఉన్న కాగితం ముక్క తీసి నా ముందు పెట్టాడు.

పోర్టు గేటు పాసు. నా పేరు, ఆఫీసు పేరు, బోర్డింగ్ క్లర్కు అన్న హోదా, ఆ రోజు నేనెక్కిన ఓడ, కింద నా సంతకం. చదువు గుర్తుగా నేను పెట్టుకుని మరిచిపోయింది.

ఆసుపత్రి దగ్గర ఒక ఎద్దు గట్టిగా రంకె వేసింది. దాని బాధ ఏమిటో గాని నాకు దానితో పాటు కట్టు కొయ్యకి కట్టేయించుకోవాలనిపించింది.

"పుత్తకం తెరిసిన మొదటి దినమే సూసినాను బావా" అన్నాడు వాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "ఇద్దరం సదుద్దుం అన్నాను కదేటి నీకు?"

నేను ఏదో గొణిగాను.

"నాకు సెప్పక్కర్లేదు. ఆ అటెండరుకి మెమో ఇచ్చీసినారు. నాను అడగబట్టే ఇచ్చినారు. ఆలికెల్లి సెప్పు."

"చెప్తాను."

"ఎప్పుడు?"

"పరీక్ష అయ్యాక."

వాడు నా మొహంలోకి చూసి, గేటు పాసు మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. "సరే. ఇప్పుడు సదువు. పైకి సదువు. నాను రాసుకుంతాను, కాంపౌండరు గారు ఇంతారు."

పుస్తకం గడువు తేదీ లోపల ఇంకొకరి చేతికివ్వడానికి కాంపౌండరు గారు ఒప్పుకోలేదు. రూలు రూలే అన్నారు. అరుగు మీద ఎన్నాళ్లైనా చదువుకోమన్నారు. ఉన్న సెలవులన్నీ పెట్టేశాను. ఎనిమిది రోజులు నేను గొంతెత్తి చదవడం, తెలుగులో చెప్పడం, వాడు కరక్కాయలతో ఉదాహరణలు రాసుకోవడం. గేదెల్ని ఆసుపత్రికి తోలుకొచ్చిన రైతులు మధ్యలో ఆగి వినేవారు. పుస్తకంలో అతి ముఖ్యమైన ఉదాహరణ రెండు దేశాలది. ఒకటి బట్ట బాగా నేస్తుంది, ఇంకొకటి సారా బాగా కాస్తుంది. ఎవరు బాగా చేసేది వాళ్లు చేసి మార్చుకుంటే ఇద్దరికీ మేలని సిద్ధాంతం. నేను గ్రంథాలయంలో పదిసార్లు చదివి తలూపిన విషయం.

కాంపౌండరు గారు తువ్వాలు భుజం మార్చుకుని, "సారా కాసే దేశవోళ్లు మొత్తం ఆలే తాగీసినారనుకోండి. అప్పుడు బట్ట ఎలగొత్తాదండి?" అన్నారు.

దూడని పట్టుకున్న రైతు, "గుడ్డల్లేకండా తిరుగుతారు" అన్నాడు. "మా ఊళ్లో ఉన్నాడొకడు."

నేను జవాబు కోసం పేజీ తిప్పాను. ఆ ప్రశ్నకి జవాబు పుస్తకంలో ఆ తర్వాతి పేజీలోనే ఉంది, మిగులు సరుకూ స్వదేశీ వినియోగమూ అన్న శీర్షిక కింద. పదిసార్లు చదివినా ఆ పేజీ దేనికుందో నాకు అర్థం కాలేదు, అడిగేవాడు పక్కన లేకపోయాడు గనక.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చిందని రాస్తే మీరు నమ్మరు. అది రాలేదు. దాని పక్కది వచ్చింది. మొత్తానికి ఇద్దరం పాసయ్యాం. వాడికి నాకంటే బాగా ఎక్కువ మార్కులొచ్చాయి. కరక్కాయల పుణ్యం.

ఫలితాలొచ్చిన మర్నాడు మాటకి కట్టుబడి గ్రంథాలయానికి వెళ్లాను. లైబ్రేరియన్ గారు నన్ను చూడగానే కుర్చీలోంచి లేచారు. "మన పాఠకుడు అంతర్జాతీయ వాణిజ్యంలో పట్టభద్రుడు" అని తెల్లకాగితం మీద రాయించి నోటీసు బోర్డులో పెట్టించారట, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించారు. అంత పెద్దాయన సంతోషానికి అడ్డు రావడం మర్యాద కాదని ఊరుకున్నాను. బయటికొస్తుంటే అటెండరు ఎదురొచ్చాడు. అతనికైనా చెప్పాలని నోరు తెరిచాను.

"మేత తింతందేటి బాబూ, గేదె?" అన్నాడు.

"తింటోంది" అన్నాను. "నీ కషాయమే పనిచేసింది."

అతను అంత సంతోషపడటం నేను అంతకుముందు చూడలేదు. ఆ మెమో ఉన్నా నా మాట వల్ల అతనికి కాస్త ఆనందం కలిగింది కదా అని సర్దిచెప్పుకున్నాను. ఆ తర్వాత అతను రిటైరయ్యేదాకా కనబడినప్పుడల్లా ఆ గేదెని అడిగేవాడు. అది ఈనింది. దూడ పెరిగింది. ఒక దశలో పాలు ఎన్ని ఇస్తుందో కూడా చెప్పాల్సి వచ్చింది.

చివరగా, ఈ చదువులో నాకు సాయపడ్డవాళ్లకి కృతజ్ఞతలు చెప్పాలి. పేర్లు రాయనన్నాను గనక ఎవరికి వారే గుర్తుపట్టుకోవాలి. ఓడ ఎక్కకుండానే మమ్మల్ని సముద్రాలు దాటించిన లెక్చరరు గారికి. నాకు డిగ్రీ కన్నా ముందే బిరుదిచ్చిన కలాసీల మేస్త్రికి. రెండుసార్లు వచ్చిన మనిషికి నిజమే చెప్పి పంపి, ఆ సంగతి నాకు చెప్పడం మరిచిపోయిన మా అమ్మకి. ఆ ఒక్క బెంచీకి. పశువు వస్తుందని చివరి పేజీ వరకు చదివి, గడువు రోజున నా చేత మోయించి మరీ పుస్తకం వాపసు ఇచ్చిన కాంపౌండరు గారికి. నా గేటు పాసుని ఇప్పటికీ తన బీరువాలో దాచి ఉంచిన నా మిత్రుడికి వేరే కృతజ్ఞతలు లేవు. ఈ కాగితాలే వాడికి నా జవాబు.

నా మెమో తన సర్వీసు పుస్తకంలో మోసిన అటెండరు ఇప్పుడు కొడుకు దగ్గర గాజువాకలో ఉంటున్నాడు. దీని ప్రతి ఒకటి మొట్టమొదట అతనికే పంపిస్తున్నాను. అతనికి చదువు వచ్చని ముందే చెప్పాను. గేదె సంగతి కూడా అతనికి ఇందులోనే తెలుస్తుంది, అందుకు మెమో కన్నా ఎక్కువ బాధపడతాడని నా భయం.